డాడ్జి కింది మడ్డి

గజపతినగరం,
12-6-2024

రూబమ్మకి, తిరుమలరావు రాస్తున్నది.

మీ నాన్నగారి డాడ్జి బండి క్షేమంగా చేరింది. లారీ మీంచి దింపడానికి ఆరుగురు వచ్చారు, ఆరుగురూ ఆరు సలహాలిచ్చారు, చివరికి నేను చెప్పినట్టే దిగింది. సీట్లు ఎలకలు తినేశాయి. టైర్లు మట్టిలో కలిసిపోయాయి. ఇంజను మాత్రం హ్యాండిలు పెడితే తిరిగింది. ముప్ఫై ఏళ్ళు షెడ్డులో పడుకున్న ముసలిదానికి అంత ఓపిక ఉంటుందని నేననుకోలేదు.

మొన్న ఫోనులో నువ్వు చెప్పినదాంట్లో నాకు అందినవి రెండే ముక్కలు, ‘బండి’, ‘డిసెంబరు’. నలభై ఏళ్ళు సుత్తి మోత విన్న చెవులు, ఇంకేం వింటాయి? ఆ ఫోనులో కనబడే అక్షరాలు నా కళ్ళకి ఆనవు. అందుకని ఏ సంగతైనా కాయితం మీద రాయి, చదువుకుంటాను.

ఇక అసలు సంగతి. నువ్వు ఇంజను బాగుచేసి రోడ్డెక్కించమని లారీవాడి చేత కబురు పంపావు. చేస్తాను. కానీ ముందు ఛాసీ కడుగుతాను. ఛాసీ అంటే బాడీ అంతా కూర్చునే ఇనప చట్రం. దాని మీద మూడు వేళ్ళ మందం మడ్డి పట్టి ఉంది. పాత ఆయిలు, గ్రీజు, రోడ్డు దుమ్ము కలిసి రాయి కట్టేశాయి. అదంతా గోకి, కిరసనాయిలుతో కడిగి, ఇనుము కంటబడేదాకా వదలను.

ఎందుకో నీ దగ్గర దాచడం దేనికి? డెబ్భై ఎనిమిదిలో వెనక స్ప్రింగు దగ్గర ఛాసీ పగిలితే మా నాన్న నూకయ్య వెల్డింగు పెట్టాడు. ఆ నెల తిరక్కుండానే బండి ఎడమ పక్కకి లాగడం మొదలెట్టింది. విజయనగరంలో చూపిస్తే ఛాసీ వంగిందన్నారు. ఎక్కడ వంగిందో మడ్డి గోకి చూసినవాడు లేడు. నూకయ్య వెల్డింగు వేడికే వంగిపోయిందని మీ నాన్నగారు బజార్లో నలుగురి ముందూ అన్నారు. పాస్టరు సుందరరావు గారు ఒకమాట అన్నారంటే ఆ రోజుల్లో దానికి తిరుగేముంది? మా షెడ్డుకి లారీలు రావడం మానేశాయి. మా నాన్న సైకిళ్ళకి పంక్చర్లు వేసుకుంటూ, నీళ్ళ మోటార్లు విప్పుకుంటూ పోయాడు. పోయేదాకా ఆయన పేరు ‘ఛాసీ వంచిన నూకయ్య’.

ఆ వెల్డింగు నా కళ్ళతో చూడాలి రూబమ్మా. తప్పు మా నాన్నదైతే ఒప్పుకుంటాను. కాకపోతే అదీ తెలియాలి. అరవై మూడు వచ్చాయి, ఇంకెప్పుడు తెలుసుకుంటాను?

మా ఆవిడ ఈశ్వరి నిన్ను అడిగానని రాయమంది.

ఎనిమిదో తరగతి దాకా నీ వెనక బెంచీ,
తిరుమలరావు


శ్రీకాకుళం,
24-6-2024

తిరుమలకి రూబీ వందనాలు.

కవరు కొనడానికి పోస్టాఫీసుకి వెళ్తే ఆ కౌంటరు అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. కోర్టు కాయితాలా అండీ అనడిగింది. స్నేహితుడికి ఉత్తరం అంటే నమ్మినట్టు లేదు. నీ అక్షరాలు అప్పట్లాగే కోడి కెలికినట్టున్నాయి, అయినా రెండుసార్లు చదివాను.

డిసెంబరు మాట ఎందుకన్నానంటే, మా తమ్ముడు రాబర్టు తొందర నీకు తెలుసు. అప్పటికి బండి కదలకపోతే పాత ఇనుముకి వేసేస్తానంటున్నాడు. అది కదలాలి. నేనే నడపాలి. నలభై ఏళ్ళు ఆస్పత్రిలో నిలబడే ఉన్నాను, ఇప్పుడు కూర్చుని నాలుగు ఊళ్ళు తిరగాలని ఉంది.

ఛాసీ సంగతి నాకంత అవసరం అనిపించలేదు. ప్రెషర్ నీళ్ళు కొట్టించి నల్లరంగు వేసేస్తే సరిపోదా? కిరసనాయిలు వాసన రోజల్లా పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు, నర్సుగా చెబుతున్నాను. నూకయ్య గారు మంచి పనివాడని నాకు తెలుసు. ఎప్పుడో జరిగిపోయినవి తవ్వుకుంటే ఏమొస్తుంది?

ఇంజను చూడు. ఛాసీ వదిలెయ్యి.

ఈశ్వరికి నా ప్రేమ.
రూబీ


గజపతినగరం,
29-7-2024

రూబమ్మకి,

నువ్వు వద్దన్నావు, నేను మొదలెట్టేశాను. కోపగించుకోకు. ప్రెషర్ నీళ్ళు ఈ మడ్డికి చక్కిలిగింత పెట్టినట్టే, ఒక పొర కూడా లేవలేదు.

ఈ పనికి ఒక పద్ధతుంది. ముందు కిరసనాయిలు పొయ్యకూడదు. పోస్తే మడ్డి కరిగి బురదై, కడిగినకొద్దీ పాకుతుంది. మొదట పొడిగానే గోకాలి. అదీ తెల్లారగట్ల, ఇనుము చల్లగా ఉన్నప్పుడు. అప్పుడు పుట్టీ బ్లేడు కింద పెట్టి తడితే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఎండెక్కితే మెత్తబడిపోయి బ్లేడుకే అంటుకుంటుంది. పెచ్చులన్నీ పోయాక కిరసనాయిలూ బ్రష్షూ, దాని తర్వాత మరిగే నీళ్ళలో చాకలి సోడా, ఆ తర్వాత పొడి గుడ్డ, అప్పుడు వైర్ బ్రష్షు. రోజుకి జానెడు సాగితే గొప్ప. బాడీ ఎత్తేసి దిమ్మల మీద పెట్టాను కాబట్టి వెల్లకిలా పడుకోవలసిన బాధ తప్పింది. ఇప్పటికి నాలుగు డబ్బాల మడ్డి తీశాను.

కూడు తినేటప్పుడు కూడా నా చేతులు కంపు కొడుతున్నాయని ఈశ్వరి గొడవ. నిన్న కంచం నా ముందు పెట్టి, “నీకు పప్పులో నెయ్యి ఎందుకు, ఆ గ్రీజే ఏసుకుని తిను” అంది. నిజంగానే నెయ్యి వెయ్యలేదు.

మడ్డి ఇంత మందంగా ఎందుకుందంటే, మా నాన్నకి ఒక అలవాటు. వానలకి ముందు ప్రతి ఛాసీకీ పాత ఇంజనాయిలు పూసేవాడు. దాని మీద దుమ్ము పడుతుంది, మళ్ళీ ఏడు మళ్ళీ పూస్తాడు. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా తుప్పు దగ్గరికి రాదు. మడ్డి కింద ఇనుము నిన్న మొన్న కొన్నట్టుంది.

ఇప్పుడు విను. మా నాన్న వెల్డింగు దొరికింది. కడిగాను, సున్నపుముక్క రాసి చూశాను, తాడు కట్టి కొలిచాను. వెంట్రుకవాసి కదల్లేదు. చీమలబారులా తీరుగా ఉంది. ఛాసీ వంగింది అక్కడ కాదు. ముందు ఎడమ చక్రానికి వెనక, చట్రం పట్టీ కింద నుంచి పైకి నొక్కుకుని ఉంది. అది వేడికి వంగిన వంపు కాదు, రాయెక్కిన దెబ్బ. బండి ఎడమకి లాగడానికి అదే కారణం.

అక్కడే కూలబడి ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

సాయంత్రం టీ కొట్లో అందరికీ చెప్పాను. ఒకప్పటి లారీ ఓనరు జగన్నాధం గారు ఉన్నారు. ఆయన, “అయితే పాస్టరు గారే ఎక్కడో రాయెక్కించీసి, నూకయ్య మీదకి తోసీసినారేటి?” అన్నారు. కాదని నేననలేదు. పోయినవాళ్ళని అనకూడదు గానీ, ఆ బండి నడిపింది ఆయనొక్కరే కదా. నీకు బాధగా ఉంటుందని తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

తిరుమలరావు


శ్రీకాకుళం,
11-8-2024

తిరుమలా,

మా నాన్న అబద్ధమాడలేదు. ఆ మాట ఊళ్ళో ఇంకొక్క రోజు కూడా ఉండకూడదు, అందుకే ఇది రాస్తున్నాను. రాయెక్కించింది నేను.

డెబ్భై ఎనిమిది, అక్టోబరు. నాకు పద్ధెనిమిది. నాన్న బొబ్బిలిలో మీటింగులకి వెళ్ళి మూడు రోజులు రాలేదు. అమ్మ ఎవరిదో పురుడు చూడటానికి వెళ్ళింది. ఆయన పక్కన కూర్చుని చూసి చూసి బండి నడపడం వచ్చేసిందనుకున్నాను. బొండపల్లి దాకా బాగానే వెళ్ళాను. వెనక్కి వస్తుంటే గోగునార బళ్ళు వరసగా ఎదురొచ్చాయి. తప్పుకోబోయి కల్వర్టు రాయి ఎక్కించాను. కింద పెద్ద చప్పుడైంది. దిగి చూస్తే పైన గీత కూడా లేదు. తీసుకొచ్చి మా ఇంటి షెడ్డులో పెట్టేశాను.

వారం తర్వాత నాన్న ముందు ఇంట్లోనే నూకయ్య గారి పేరు ఎత్తారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఆ క్షణంలో చెప్పుంటే సరిపోయేది. చెబితే నర్సు ట్రైనింగుకి పంపరని భయపడ్డాను. సీటొచ్చింది, వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఏటికేడు చెప్పడం ఇంకా కష్టమైపోయింది. ఎంతోమంది పేషెంట్లకి నిజం చెప్పమని బోధించాను తిరుమలా. మీ ఇంటికి మాత్రం చెప్పలేదు.

ఛాసీ వదిలెయ్యమని రాసింది నీ ఊపిరితిత్తుల కోసం కాదు. అది కూడా ఒప్పుకుంటున్నాను.

రూబీ


గజపతినగరం,
20-8-2024

రూబీ గారికి,

మీ ఉత్తరం అందింది.

మా నాన్న షెడ్డు ముందు లారీలు బారులు తీరి ఉండటం నేను చూశాను. తర్వాత ఆయన ఒక్కడూ సైకిలు ట్యూబు నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తూ కూర్చోవడం కూడా చూశాను. ఇంటరు మధ్యలో నా చదువు ఆపేశారు. మీరు నర్సయ్యారు. బాగుంది.

పని ఆపేశాను. బండి మీద టార్పాలిన్ కప్పాను. మీరు ఎవరినైనా పంపించి తీసుకెళ్ళండి.

తిరుమలరావు


శ్రీకాకుళం,
9-9-2024

తిరుమలకి,

‘గారు’ తగిలింది. తగలాల్సిందే.

క్షమించమని అడగడానికి రాయడం లేదు. ఒక పని చేశాను, అది నీకు నేనే చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

నిన్న ఆదివారం మీ ఊరొచ్చాను. నాన్న ముప్ఫై ఏళ్ళు ప్రసంగం చేసిన గుడికే వెళ్ళాను. ఆరాధనలో దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకునే సాక్ష్యాల వేళ ఉంటుంది కదా, అప్పుడు లేచి నిలబడ్డాను. నన్ను చూసి అందరూ మోకాళ్ళ నొప్పులు తగ్గిన సాక్ష్యం అనుకున్నారట, ముందే ‘స్తోత్రం’ అనేశారు. నేను బండి సంగతి మొదలెట్టాను. నూకయ్య గారి పేరు మూడుసార్లు చెప్పాను, ఆయన తప్పు లేదని, తప్పు నాదని, మా నాన్నకి తెలీక అన్నారని. కొత్త పాస్టరు గారికి ఏం ప్రార్థన చెయ్యాలో తోచలేదు పాపం. వర్షాల కోసం చేశారు.

నిజం చెప్పనా? గుళ్ళో ఉన్నవాళ్ళలో సగంమందికి నూకయ్య గారెవరో తెలీదు. నేను నలభై ఆరేళ్ళు మోసిన బరువు వాళ్ళకి ఒక కథ. అది నాకు ఇంకా సిగ్గనిపించింది.

అక్కణ్ణుంచి టీ కొట్టుకెళ్ళాను. జగన్నాధం గారున్నారు. మొత్తం చెప్పాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేసి, “నా రెండు లారీలూ ఆడి షెడ్డు మానిపించినోణ్ణి నాను. ఆడెదురొస్తే తల తిప్పుకుని పోయినాను. ఆ మాట ఇయ్యాల సెప్తన్నావేటమ్మా” అన్నారు. ఆయన టీ అక్కడే వదిలేసి లేచి వెళ్ళిపోయారు.

నీ షెడ్డు తలుపు మూసి ఉంది. తట్టడానికి ధైర్యం చాలక బస్సెక్కేశాను.

బండి కోసం మనిషిని పంపను. నీకు నచ్చినప్పుడు నువ్వే పాత ఇనుముకి వేసెయ్యి, రాబర్టుకి నేను చెప్పుకుంటాను.

రూబీ


గజపతినగరం,
14-10-2024

రూబమ్మకి,

ముందు జగన్నాధం గారి సంగతి చెబుతాను. ఆయన ఆ రోజు టీ కొట్టు నుంచి తిన్నగా నా షెడ్డుకే వచ్చారు. తలుపు మూసి ఉన్నా నేను లోపలే ఉన్నాను. ఆయన తలుపు బాదింది నాకు వినబడలేదు, తలుపు కదలడం చూసి తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు. ఏటన్నాను. గట్టిగా అన్నారు. మళ్ళీ ఏటన్నాను. అప్పుడాయన వీధి మధ్యకెళ్ళి నిలబడి, ఎనభై రెండేళ్ళ గొంతు పగిలేలా, “నూకయ్య ఎల్డింగు తప్పు కాదురా, తప్పు మాది” అని అరిచారు. కిరాణా కొట్టువాళ్ళు, కూరల బండివాళ్ళు, ఆటోవాళ్ళు అందరూ ఆగి విన్నారు. రెండోసారికే నాకు వినబడింది రూబమ్మా. అయినా ఇంకోసారి చెప్పించాను.

ఆ తర్వాత కూడా నీ మీద కోపం పోలేదు. అయితే సగం కడిగిన ఛాసీ కళ్ళెదురుగా ఉంటే నాకు అన్నం సయించదు. “ఆవిడ మీద కోపం బండి మీద సూపిస్తావేటి, లేచి పని సూడు” అని ఈశ్వరి టార్పాలిన్ తనే లాగేసింది. అదీ నిజమే.

వంపున్న చోట ఇంకా పూర్తిగా కడగలేదు. దాన్ని తిన్నగా చెయ్యాలంటే ముందు శుభ్రం చెయ్యాలి. మొన్న దసరా ముందు కూర్చుని ఒక్కో పొరే తీశాను. మూడో పొర కింద పచ్చగా కనిపించింది. తుప్పేమో అనుకున్నాను. వేలితో రుద్దితే పసుపు. దాని కింద మళ్ళీ మడ్డి, మళ్ళీ పసుపు. ఒక దాని మీద ఒకటి, నేను లెక్కపెట్టగలిగినవి పదిహేడు. మీ నాన్నగారు రిటైరై బండితో సహా శ్రీకాకుళం వెళ్ళిపోయేదాకా పదిహేడు దసరాలు. అన్నిటికన్నా అడుగున, ఇనుము మీద సుత్తి దెబ్బలు నాలుగు. వంపు తియ్యబోయి, చల్లటి ఇనుము లొంగక వదిలేసినట్టున్నాయి. ఆ సుత్తి నా దగ్గరే ఉంది. దాని మొహం మీదున్న చిన్న పెచ్చు గుర్తు ఆ దెబ్బల్లో కూడా ఉంది.

అంటే మా నాన్న ఆ వంపు చూశాడు. మొదట్లోనే చూశాడు. పాస్టరు గారిని పిలిచి ఇదిగో చూడండి అంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఆయన అనలేదు. మా అమ్మకి చెప్పలేదు, నాకు చెప్పలేదు. ఇన్నాళ్ళూ మీ నాన్న మీద, తర్వాత నీ మీద పడ్డ కోపం, ఇప్పుడు మా నాన్న మీద కూడా వచ్చింది. కోపం పెట్టుకోడానికి ఇంక మనుషులు మిగల్లేదు.

నన్ను రెండు సంగతులు తినేస్తున్నాయి, నీకేమైనా తెలిస్తే రాయి. మీ ఇంట్లో దసరా లేదు. మా నాన్న మీ షెడ్డులోకి ఎలా వచ్చేవాడు? ఇంకోటి, వెనక అడ్డపట్టీకి ఆయన పెట్టిన బొట్టు కూడా దొరికింది. అక్కడ పసుపూ కుంకుమా రెండూ ఉన్నాయి, ఆయుధపూజకి అందరూ పెట్టినట్టే. ఈ వంపు దగ్గర మాత్రం పదిహేడు పొరల్లో ఎక్కడా కుంకుమ లేదు. పసుపొక్కటే. మా నాన్న అలా అరకొరగా చేసే మనిషి కాదు.

ఇప్పుడు నాకు చెయ్యి ఆడటం లేదు. విజయనగరంలో ఇనుము నొక్కే ప్రెస్సు ఉంది, వంపు తీసి తిన్నగా చెయ్యొచ్చు. చేస్తే ఆయన గుర్తు పోతుంది. కడిగెయ్యమంటావా, ఉంచమంటావా?

తిరుమలరావు


శ్రీకాకుళం,
19-10-2024

తిరుమలా,

‘రూబమ్మ’ చూసి కాసేపు ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. తర్వాత మిగతాది చదివాను.

షెడ్డు తాళం మా అమ్మ సీతమ్మ ఇచ్చేది. ఏటా ఆ రోజుల్లో నాన్న పల్లెల్లో ప్రసంగాలకి వెళ్ళేవారు. నూకయ్య గారు చేతిపంపు పట్టుకుని వచ్చి, టైర్లకి గాలి కొడతానమ్మా అనేవారు. అమ్మ తాళం తీసిచ్చి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయేది. ఆయన కింద దూరి చేసేది గాలి కొట్టడం కాదని ఆవిడకి తెలుసనే నేననుకుంటున్నాను. ఎందుకంటే సెలవులకి వచ్చినప్పుడు నేనటు వెళ్ళబోతే, పని చేసుకోనీ అని ఆపేది.

ఇంకొకటి ఉంది. మొన్న ఒప్పుకున్నప్పుడు కూడా ఇది రాయలేదు. మరిచిపోయి కాదు. ఇది నిజం కాకూడదని నలభై ఆరేళ్ళుగా కోరుకుంటున్నాను.

నేను రాయెక్కించిన మర్నాడు, నాన్న బొబ్బిలి నుంచి ఇంకా రాకముందే, మీ నాన్న తన వెల్డింగు ఎలా ఉందో చూసుకుందామని వచ్చారు. చాలాసేపు కింద ఉన్నారు. సుత్తి చప్పుడు వినబడింది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, “అమ్మా, సీటు ముందుకి జరిగిపోయున్నాది. ఎనక్కి జరిపీసినాను. అయ్యగారికి కాళ్ళు సాలవు కదా” అన్నారు. మా నాన్న ఆరడుగుల మనిషి. ఆ సీటు అంత ముందుకి జరిపి కూర్చోవలసిన పొట్టి మనిషి ఆ ఇంట్లో ఎవరో ఆయనకి తెలీదా? ఆయన నా వైపు చూడకుండా ఆ మాట చెప్పి వెళ్ళిపోయారు. అదేదో మామూలు మాటేనని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత వారానికి నాన్న ఆయన్ని అందరిముందూ అన్నప్పుడు, ఆయన ఒక్కమాట అంటే నేను దొరికిపోయేదాన్ని. ఆయన అనలేదు. నేను ట్రైనింగుకి వెళ్ళాను. నీ చదువు ఆగిపోయింది. ఇది నేను తీర్చగలిగింది కాదు, తీర్చానని అనుకోను కూడా.

ఇక నీ రెండో ప్రశ్న. దానికి జవాబు నాకు చదవగానే తెలిసింది, నీకెందుకు తోచలేదో నాకర్థమైంది. నువ్వు దాన్ని పూజ అనుకున్నావు. వెనక పెట్టింది పూజే, అందుకే అక్కడ కుంకుమ ఉంది. ముందు పెట్టింది పూజ కాదు. మన ఇళ్ళల్లో పిల్లలు పడి దెబ్బ తగిలించుకుంటే పెద్దవాళ్ళు ఏం చేస్తారు? పసుపు తెచ్చి అద్దుతారు. దెబ్బ మీద కుంకుమ ఎవరూ పెట్టరు తిరుమలా.

పదిహేడేళ్ళు ఆయన ఆ దెబ్బకి మందు వేశారు. అది బండికి తగిలిన దెబ్బో, నాదో, ఆయనదో నేను చెప్పలేను. ఈ మాట రాస్తూ ఏడుస్తున్నాను, అయినా మనసు చాలా ఏళ్ళ తర్వాత తేలిగ్గా ఉంది.

ఉంచమంటావా అని అడిగావు. ఉంచొద్దు. ముందు విజయనగరం తీసుకెళ్ళి ఛాసీ తిన్నగా చేయించు. తర్వాత కిరసనాయిలు పోసి, సోడానీళ్ళు పోసి, నీ పద్ధతిలోనే శుభ్రంగా కడుగు. ఆస్పత్రిలో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ నేను చెప్పిన మాటే ఇప్పుడు నీకు చెబుతున్నాను. గాయం మానాక పసుపు కడిగెయ్యాలి.

రూబీ